మూడు బురుజుల కిరీటం

పోర్చుగల్‌లో ఏ పల్లె జెండా చూసినా శతాబ్దాల నాటిదనిపిస్తుంది. మధ్యలో డాలు, దానిమీద గోధుమ వెన్నో, ద్రాక్ష గుత్తో, ఊరి పునీతుడి గుర్తో. పైన కోటగోడ ఆకారంలో వెండి కిరీటం, కింద తెల్ల పట్టీమీద ఊరి పేరు. కానీ వీటిలో చాలావాటి వయసు నలభై ఏళ్లు దాటదు.

కిరీటంలోని బురుజులు లెక్కపెడితే హోదా తెలిసిపోతుంది. పల్లెకు మూడు, పట్టణానికి నాలుగు, నగరానికి అయిదు. బంగారు కిరీటం ఒక్క లిస్బన్‌కే. పల్లెకు పట్టణ హోదా వస్తే కిరీటంలో ఇంకో బురుజు లేస్తుంది! ఈ లెక్క మధ్యయుగపు రాజులు పెట్టింది కాదు. సైనిక నియంతృత్వ కాలంలో, 1930 ఏప్రిల్ 14న, దేశీయాంగ శాఖ మునిసిపాలిటీలకు పంపిన సర్క్యులర్‌తో మొదలైంది. దాని వెనుక ఉన్నది పోర్చుగీసు పురావస్తు నిపుణుల సంఘంలోని లాంఛనాల (అంటే డాళ్లు, జెండాల వంటి అధికార చిహ్నాల) నిపుణుడు అఫోన్సు ద డోర్నెలాష్.

పల్లెల వంతు ఆలస్యంగా వచ్చింది. మునిసిపాలిటీకి కింది పాలనా విభాగమైన ఫ్రెగెజీయా అంటే మొదట చర్చి పరిధిలోని ఊరు. ‘చర్చి బిడ్డ’ అనే లాటిన్ మాట నుంచి పుట్టిన ‘ఫ్రెగేష్’ను ఇప్పుడు దుకాణానికి వచ్చే ఖాతాదారుకూ వాడతారు. 1976 రాజ్యాంగం ఫ్రెగెజీయాలను ఎన్నికైన స్థానిక ప్రభుత్వాలుగా నిలబెట్టింది. 1991 ఆగస్టు నాటి 53వ చట్టం లాంఛనాలకు పద్ధతి ఏర్పరచింది: నమూనాపై పురావస్తు సంఘపు లాంఛనాల కమిషన్ అభిప్రాయం, గ్రామసభ ఆమోదం, ఆపైన గెజెట్‌లో ప్రచురణ. ఆ తర్వాత పల్లెలు వరుస కట్టాయి.

అంతలో అప్పుల సంక్షోభం వచ్చింది. 2011లో అప్పిచ్చినవారు స్థానిక సంస్థల సంఖ్య తగ్గించమన్నారు. 2013లో 4,200కు పైగా ఉన్న ఫ్రెగెజీయాలు 3,100 లోపుకు కుదించుకుపోయాయి. పోర్తో నగరంలో ఏకంగా ఆరింటిని కలిపి, ఆరు పేర్లనూ వరసపెట్టి ఒకే పేరు చేశారు. ఏ డాలు కింది పట్టీలో అంత పేరు పడుతుంది? విలీనం వల్ల పాత చిహ్నాల పరిరక్షణకు భంగం రాదని 2012 చట్టం ముందే హామీ ఇచ్చింది. ఎవరికి ఎక్కడ నొప్పి పుడుతుందో దాన్ని రాసినవారికి తెలుసన్నమాట.

ఆ నొప్పి పన్నెండేళ్లయినా తగ్గలేదు. బిల్లును అధ్యక్షుడు వెనక్కి పంపినా పార్లమెంటు మళ్లీ ఆమోదించడంతో, 2025 మార్చి చట్టం విలీనాలను విడదీసి 302 ఫ్రెగెజీయాలను తిరిగి నిలబెట్టింది.