ఎదురెదురు పుటల లెక్కల పుస్తకం: మాధ్యమం వివాదానికి అసలు మలుపు ఎక్కడ?

2020-21లో ఆరో తరగతిలోకి వస్తూనే ఆంగ్ల మాధ్యమంలోకి మారిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల పిల్లలు 2024-25 నాటికి పదో తరగతికి చేరుకున్నారు. వారు పబ్లిక్ పరీక్షలకు సిద్ధమవుతున్న రోజుల్లోనే, జవాబులను తెలుగులో కూడా రాయవచ్చునని ప్రభుత్వం వెసులుబాటు ఇచ్చింది. 2025 మార్చి పరీక్షలకు ఆంగ్ల మాధ్యమం కింద 5.64 లక్షల మంది, తెలుగు మాధ్యమం కింద దాదాపు 51 వేల మంది నమోదయ్యారు. మాధ్యమం గొడవ మళ్లీ లేచిన ప్రతిసారీ ఈ రెండు అంకెలే ముందుకు వస్తున్నాయి. పదింట తొమ్మిది మంది ఆంగ్లాన్నే కోరుకున్నారని ఒక పక్షం అంటుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇన్ని వేల మంది తెలుగును వదులుకోలేదని రెండో పక్షం అంటుంది. ఆ పిల్లల్లో ఎవరు ఏ తరగతిలో ఏ మాధ్యమం నుంచి ఎందులోకి మారారో విడదీసి చూసే ఓపిక మాత్రం ఇరుపక్షాలకూ ఉన్నట్టు కనిపించదు. మాధ్యమం మార్పు ముందుగా బయటపడేది పదో తరగతి హాల్‌టికెట్‌లో కాదు, ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల లెక్కల పీరియడ్‌లో. ఈ కథనం ఆ పీరియడ్ గురించి, ఒక పుటలో ఇంగ్లిష్, ఎదుటి పుటలో తెలుగు ఉన్న లెక్కల పుస్తకం గురించి.

తెలుగు మాధ్యమం ఎలా వచ్చింది, తెలుగు అకాడమీ ఏం చేసింది, ప్రైవేటు కాన్వెంట్లు పల్లెల దాకా ఎలా పాకాయి అన్నవి పాఠకులకు తెలిసిన సంగతులే కనుక వాటిని దాటవేస్తున్నాను. ఇటీవలి వ్యాసాల్లో చాలా వరకు, ప్రభుత్వ బడుల్లో ఆంగ్ల మాధ్యమం పెట్టాలన్న 2019 నవంబరు ఉత్తర్వులను కథకు మొదలుగా చూపుతున్నాయి. అప్పటికే పదకొండేళ్లుగా నడుస్తున్న పనిని ఆ ఉత్తర్వులు అన్ని బడులకూ విస్తరించాయే తప్ప కొత్తగా మొదలుపెట్టలేదు. మలుపు 2008 జూన్‌లో వచ్చింది.

2008-09 విద్యాసంవత్సరంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘సక్సెస్’ పేరుతో సుమారు 6,500 ఉన్నత పాఠశాలల్లో, సీబీఎస్‌ఈ తరహా పాఠ్యప్రణాళికతో, ఆంగ్ల మాధ్యమ సెక్షన్లను తెరిచింది. వాటిని ఒకటో తరగతిలో కాకుండా ఆరో తరగతిలో తెరిచారు. ఉన్నత పాఠశాల అక్కడే మొదలవుతుంది కాబట్టి పాలనాపరంగా అది సులువైన చోటు. పిల్లల వైపు నుంచి చూస్తే అంతకంటే ఇబ్బందికరమైన చోటు మరొకటి లేదు. ఊళ్లోని ప్రాథమిక పాఠశాలలో ఐదేళ్లపాటు కూడికలు, తీసివేతలు, ఎక్కాలు, భిన్నాలు తెలుగులో నేర్చుకున్న పిల్లవాడు, వేసవి సెలవులు గడిచి హైస్కూలుకు రాగానే, లవం న్యూమరేటర్‌గా, హారం డినామినేటర్‌గా, క.సా.గు. ఎల్‌సీఎంగా మారిన పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. పైగా లెక్కల్లో ఆరో తరగతి మామూలు ఏడాది కాదు. సున్నాకు ఎడమ వైపున కూడా సంఖ్యలుంటాయని, సంఖ్య స్థానంలో అక్షరం నిలబడగలదని పిల్లలు మొదటిసారి వినేది ఆ ఏడాదే. భాష మారడం, అంకగణితం నుంచి బీజగణితంలోకి అడుగు వేయడం ఒకే జూన్‌లో వచ్చిపడ్డాయి.

మారిన ఈ పుస్తకాన్ని చెప్పే ఉపాధ్యాయుడు మాత్రం మారలేదు. రెండో పీరియడ్‌లో తెలుగు సెక్షన్‌కు పాఠం చెప్పిన స్కూల్ అసిస్టెంటే (హైస్కూలు సబ్జెక్టు టీచరే) మూడో పీరియడ్‌లో ఆంగ్ల సెక్షన్‌కు వెళ్లారు. ఆయన బడి చదువు, చాలామంది విషయంలో బీఈడీ కూడా, తెలుగులోనే సాగాయి. కొద్దిపాటి శిక్షణతో సెక్షన్ అప్పగించిన తర్వాత ఆయన తన దారి తాను వెతుక్కున్నారు: నల్లబల్ల మీద ఇంగ్లిష్, నోట తెలుగు. లెక్క పుస్తకంలో ఉన్నట్టే బోర్డు మీదికి వస్తుంది. ఎందుకు అలా చేశామన్నది మాత్రం తెలుగులో చెబుతారు. పిల్లలు బోర్డును నోట్సులోకి ఎక్కిస్తారు. నోటితో చెప్పినది గాలిలో కలిసిపోతుంది. ఇంటికి వెళ్లి నోట్సు తెరిస్తే మెట్లు కనిపిస్తాయి గాని కారణాలు కనిపించవు. ఇంటి దగ్గర వివరించేవారున్న పిల్లలకు ఇది పెద్ద లోటు కాదు. సర్కారు బడి పిల్లల్లో అలాంటివారు ఎందరో అందరికీ తెలుసు.

ఇంకో పర్యవసానం నిశ్శబ్దంగా జరిగింది. ఒకే బడిలో రెండు మాధ్యమాలు వచ్చాక, బాగా చదువుతారని పేరున్న పిల్లలు చాలా చోట్ల ఆంగ్ల సెక్షన్‌లోకి వెళ్లారు. ఎక్కాలు రానివారు, బడికి సరిగా రానివారు తెలుగు సెక్షన్‌లో మిగిలారు. అంతవరకు అందరి మాధ్యమంగా ఉన్న తెలుగు, ఆ విభజనతో వెనుకబడినవారి మాధ్యమమనే ముద్ర వేయించుకుంది. ఆ తర్వాత తెలుగు సెక్షన్ ఫలితాలు తక్కువగా ఉన్నాయని చూపి ఆంగ్లమే మేలని వాదించడం తేలికైంది. పిల్లలను ముందే వేరు చేసి, ఆ తేడాను మాధ్యమం ఖాతాలో వేసిన ఈ లెక్కను ఏ గణిత ఉపాధ్యాయుడూ ఒప్పుకోకూడదు.

సరిగ్గా ఈ దశలోనే పాఠ్యపుస్తకాలు కూడా మారాయి. 2011 నాటి రాష్ట్ర విద్యా ప్రణాళిక చట్రాన్ని అనుసరించి 2012 నుంచి వచ్చిన కొత్త గణిత పుస్తకాలు పాత పుస్తకాల్లాగా సూత్రం, మాదిరి లెక్క, అభ్యాసం అన్న వరుసలో ఉండవు. ‘ఇవి చేయండి’, ‘ప్రయత్నించండి’, ‘ఆలోచించి, చర్చించి రాయండి’ అన్న శీర్షికలతో అడుగడుగునా పిల్లవాడిని మాట్లాడమంటాయి. అగ్గిపుల్లలతో ఆకారాలు పేర్చి, పదో ఆకారానికి ఎన్ని పుల్లలు కావాలో, ఎందుకు కావాలో సొంత మాటల్లో చెప్పమంటాయి. ఏడాది పొడవునా పిల్లల పనిని అంచనా వేసే నిరంతర సమగ్ర మూల్యాంకనంలో ఆ సొంత మాటలకే మార్కులు కేటాయించారు. విద్యాపరంగా అది మంచి మార్పు అన్నదే ఈ వ్యాసకర్త అభిప్రాయం. కాని లెక్కల పుస్తకం పిల్లవాడిని మాట్లాడమన్న రోజుల్లోనే అతడి మాట చెల్లని సెక్షన్లు పెరుగుతూ వచ్చాయి. ‘ఆలోచించి, చర్చించి రాయండి’ కింద ఉన్న ప్రశ్నలకు జవాబులు గైడు నుంచి బోర్డు మీదికి, బోర్డు నుంచి నోట్సులోకి నడిచాయి.

లెక్కలకు భాషతో పనేముంది, అంకెలు ఎక్కడైనా అంకెలే కదా అన్న మాట ఈ చర్చలో తరచుగా వినిపిస్తుంది. ఏడో తరగతి సామాన్య సమీకరణాల పాఠం దగ్గర కాసేపు కూర్చుంటే ఆ మాట నిలవదు. ‘ఒక సంఖ్య రెట్టింపు కంటే 5 తక్కువ’ అని తెలుగులో చదివిన పిల్లవాడు వాక్యం నడిచిన వరుసలోనే రాసుకుపోతాడు: సంఖ్య అనగానే ఎక్స్, రెట్టింపు అనగానే రెండు ఎక్స్, 5 తక్కువ అనగానే మైనస్ 5. అదే లెక్క ఇంగ్లిష్ వాక్యంలో ‘ఫైవ్ లెస్ దేన్ ట్వైస్ ఎ నంబర్’ అని మొదలవుతుంది. ఐదు ముందు వినబడింది కాబట్టి ఐదునే ముందు రాసి, ‘5 మైనస్ రెండు ఎక్స్’ అని తప్పు చేస్తాడు. దాన్ని బీజగణితం రాకపోవడంగా లెక్కించి మార్కు తీసేస్తారు. భిన్నాల సంగతీ అంతే. ‘నాలుగింట మూడు’ అనగానే నాలుగు భాగాలు చేసి మూడు తీసుకున్నట్టు చెవికే తెలిసిపోతుంది. ‘త్రీ బై ఫోర్’లో ఒకదాని మీద ఒకటి కూర్చున్న రెండు అంకెలు తప్ప మరేమీ వినబడవు. ‘నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ’ అంటే ఏమిటో అప్పు తెచ్చుకున్న ప్రతి రైతు ఇంట్లో పిల్లలకు తెలుసు. అదే ఏడాదికి 24 శాతం బారువడ్డీ అని తెలుగు పుస్తకం నుంచి ఒక్క అడుగులో చేరుకోవచ్చు. ఇంగ్లిష్ పుస్తకంలోని ‘పర్ యానమ్’ దగ్గరికి వెళ్లాలంటే ముందు ఇంకో పాఠం కావాలి.

తెలుగు పుస్తకాన్ని వెనకేసుకురావడానికి ఇది చెబుతున్నానని అనుకోవద్దు. ‘చుట్టుకొలత’ తనంతట తానే అర్థం చెప్పుకునే మాట. ‘అకరణీయ సంఖ్య’ అలా కాదు. ‘రేషనల్ నంబర్’ పిల్లవాడికి ఎంత పరాయిదో ‘అకరణీయ’ కూడా అంతే పరాయిది, నోరు తిరగడంలో ఇంకాస్త కష్టం కూడా. సమలంబ చతుర్భుజం కంటే ట్రెపీజియం పలకడం తేలికని చెప్పే పిల్లలను తప్పు పట్టలేం. పేర్లు ఏ భాషలో ఉన్నా నెల రోజుల్లో అలవాటవుతాయి. పిల్లవాడు ఆగిపోయేది పేర్ల దగ్గర కాదు, వాక్యాల దగ్గర: రాత లెక్కల్లో, నిరూపణల్లో, ‘ఎందుకు’ అన్న ప్రశ్న దగ్గర. తెలుగు మాధ్యమంలోనూ ప్లస్, మైనస్, ఇంటూ అనే అంటూ వచ్చాం. దానివల్ల ఎవరి గణితమూ చెడలేదు.

ఇక 2019 వద్దకు వద్దాం. ఆ ఏడాది నవంబరు 5న ఇచ్చిన 81వ నంబరు ఉత్తర్వు వచ్చే విద్యాసంవత్సరం నుంచి 1 నుంచి 8 తరగతుల వరకు ఒకేసారి ఆంగ్ల మాధ్యమం అన్నది. పదిహేను రోజుల్లో వచ్చిన 85వ నంబరు ఉత్తర్వు దాన్ని 1 నుంచి 6 వరకు కుదించి, ఆపై ఏడాదికో తరగతి అన్నది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు రెండింటినీ కొట్టివేసింది. ఆచరణ సాధ్యమైనంత వరకు బోధన మాతృభాషలో ఉండాలన్న విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ ఆ తీర్పుకు ఒక ఆధారం. రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లినా తీర్పుపై స్టే రాలేదు. తల్లిదండ్రుల ఇష్టాన్ని కాదని మాతృభాషను ప్రభుత్వం రుద్దలేదని 2014లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ప్రభుత్వ వాదనకు బలంగా నిలిచింది. హైకోర్టు తీర్పు తర్వాత 1 నుంచి 5 తరగతుల పిల్లల తల్లిదండ్రులను అడిగితే 96 శాతానికి పైగా ఆంగ్లాన్నే కోరారని ప్రభుత్వం ప్రకటించింది. ఆ కోరికనే ఆధారంగా చూపి ఆంగ్ల మాధ్యమంతో ముందుకు వెళ్లింది. ఆ కోరికను అబద్ధమనలేం. ఇంటర్ ఎంపీసీలో, ఇంజినీరింగ్‌లో తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలు పడే అవస్థ ఊరూరా చూసినవారే ఆ కాగితం మీద సంతకం చేశారు. అయితే వారిని అడిగినది మాధ్యమం ఏదన్న ఒక్క ప్రశ్నే. తమ బిడ్డకు లెక్క అర్థం కాకపోతే ఏ భాషలో విడమరచి చెప్పాలన్నది ఎవరూ అడగలేదు.

ఈ మొత్తం వ్యవహారంలో అనుకోకుండా దొరికిన మేలైన వస్తువు ఎదురెదురు పుటల పుస్తకం. 2020-21 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో, 1 నుంచి 8 తరగతులకు ఆంగ్ల మాధ్యమం పెట్టిన 2022-23 నుంచి తెలంగాణలో, ఒక పుటలో ఇంగ్లిష్, ఎదుటి పుటలో అదే పాఠం తెలుగులో ముద్రించి ఇచ్చారు. సైన్సు, గణితాలను పిల్లలు ఇంటి భాషలోనూ ఆంగ్లంలోనూ ఆలోచించి మాట్లాడగలిగేలా ద్విభాషా పుస్తకాలు ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం కూడా చెప్పింది. నల్లబల్ల మీద ఇంగ్లిష్, నోట తెలుగు అన్న లెక్కల మాస్టార్ల పాత పద్ధతికి పన్నెండేళ్ల తర్వాత అచ్చులో చోటు దొరికిందన్నమాట. గాలిలో కలిసిపోయిన కారణాలు ఎదుటి పుటలో నిలిచాయి. పుస్తకం లావెక్కి సెమిస్టర్ల వారీగా విడగొట్టాల్సి వచ్చింది. సంచి బరువు మీద వచ్చిన ఫిర్యాదులూ నిజమే. కాని ఇంగ్లిష్ పుటలోని రాత లెక్క మీద వేలు పెట్టి, తెలుగు పుటలో దాని జోడీని వెతుక్కునే ఆరో తరగతి పిల్లను చూస్తే, ఆ బరువు దేనికో తెలుస్తుంది.

పుస్తకం రెండు భాషలకు చోటిచ్చింది. ఉపాధ్యాయ పోస్టుల లెక్క మాత్రం ఆ చోటివ్వలేదు. 2022 జూన్‌లో వచ్చిన 117వ నంబరు ఉత్తర్వు ఉపాధ్యాయ పోస్టులను హేతుబద్ధీకరిస్తూ, అంటే పిల్లల సంఖ్యను బట్టి సర్దుబాటు చేస్తూ, ఉన్నత పాఠశాలలకు ఒకే మాధ్యమాన్ని లెక్కలోకి తీసుకుంది. సమాంతర తెలుగు సెక్షన్‌కు వేరే టీచరు రారు కనుక, తెలుగు కావాలన్నవారు ఉన్నా ఆ సెక్షన్ నడిచే దారి మూసుకుపోయింది. అదే ఏడాది డిసెంబరు 21 నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచారు. ఫొటోలన్నీ ట్యాబ్‌లవే వచ్చాయి. 117వ ఉత్తర్వును 2025 మేలో రద్దు చేశారు. దాంతో తెలుగు సెక్షన్లు తిరిగి తెరవాలన్న డిమాండుకు ఊపిరి వచ్చింది.

ఆ డిమాండు చేస్తున్నవారితో ఒక్క చోట విభేదించక తప్పదు. ఒకే బడిలో రెండు సెక్షన్లను మళ్లీ తెరవడమంటే 2008కి తిరిగి వెళ్లడమే. ఏ సెక్షన్‌లో ఎవరు మిగులుతారో ముందే చెప్పవచ్చు. ఆంగ్ల మాధ్యమమే ఉండాలన్నవారు మరోవైపు ఎదుటి పుటను తాత్కాలిక ఊతకర్రగా చూస్తున్నారు, పిల్లలు నడక నేర్చాక తీసేయాల్సినదిగా. లెక్కల ఉపాధ్యాయులు అడుగుతున్నవి ఇంతకంటే చిన్న కోరికలు. పదో తరగతి దాకా రెండు పుటలూ ఉండాలని, రాత లెక్కకు సాధన ఏ భాషలో ఉన్నా దిద్దే అవకాశం కింది తరగతుల్లోనూ స్పష్టంగా రాసి ఇవ్వాలని వారి కోరిక. పదో తరగతికి ఇచ్చిన వెసులుబాటు ఆ వైపు వేసిన అడుగే, కాకపోతే చివరి మెట్టు మీద వేశారు. ఆరో తరగతి ఫార్మేటివ్ పరీక్షలో (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షలో) ఒక పిల్ల సమీకరణాన్ని ఇంగ్లిష్‌లో సాధించి, దాని కింద ‘రెండు వైపులా 5 కలిపాను, అందుకే సమానం చెడలేదు’ అని తెలుగులో రాస్తే, ఆ వాక్యానికి మార్కు వేయాలా, ఎర్ర సిరాతో కొట్టివేయాలా అన్నది ఈ రోజుకీ దిద్దే మాస్టారి మనసును బట్టే ఉంది.