నాలుగో రాట

తెనాలి, జూన్ 24

చిరంజీవులు సిరికి, బన్నీకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో సిరి అడిగిన ప్రశ్నకి అప్పటికప్పుడు ఏదో చెప్పి తప్పించుకున్నాను. అది సరైన జవాబు కాదు కాబట్టి ఈ ఉత్తరం. "జూన్ 19న నాన్నకి సెలవిచ్చారు, 1865లో ఆ రోజున మా టెక్సాస్‌లో బానిసలకి విడుదల వచ్చిందట. కానీ లింకన్ 1863 జనవరి 1నే ప్రకటించేశాడుగా! రెండున్నరేళ్ళు ఎవరూ చెప్పలేదా? టెలిగ్రాఫ్ ఉందిగా తాతయ్యా?" అన్నావు.

టెలిగ్రాఫ్ ఉందమ్మా. యజమానులకి కబురు ఎప్పుడో అందింది. అందనిది సైన్యం. బానిసత్వం వదలని దక్షిణాది రాష్ట్రాలు విడిపోతే ఉత్తరాదితో వాటికి జరిగిన యుద్ధం ముగిశాక, ఉత్తరాది జనరల్ గ్రేంజర్ సిపాయిలతో గాల్వెస్టన్‌లో దిగి మూడో నంబరు ఉత్తర్వు జారీ చేశాకే ఆ కబురుకి కాళ్ళొచ్చాయి. తరవాత నూరేళ్ళ కథంతా ఇంతే. కాగితం ముందు వస్తుంది, దాన్ని నిలబెట్టేవాడు ఆలస్యంగా వస్తాడు, ఒక్కోసారి మధ్యలో వెళ్ళిపోతాడు.

బాబాయి పెళ్ళికి పందిరి వేయడం చూశారు కదా. మూరెడు లోతు గుంత తవ్వి, రాట దింపి, చుట్టూ రాళ్ళు కూరి, నీళ్ళు పోసి తొక్కారు. అలా పాతకపోతే పైన ఎంత మంచి తాటాకు కప్పినా, ఎవరో ఒకరు పట్టుకున్నంతసేపే ఆ మూల నిలుస్తుంది. 1865లో అమెరికా అలాంటి పందిరి వేయబోయింది. విడిపోయి ఓడిన పదకొండు రాష్ట్రాలూ, బానిసత్వం నుంచి బయటపడ్డ సుమారు 40 లక్షల మందీ దాని కిందికే రావాలి.

మూడు రాటలు రాజ్యాంగ సవరణలు. 1865 డిసెంబరులో వచ్చిన పదమూడోది బానిసత్వాన్ని రద్దు చేసింది, "నేరానికి శిక్షగా తప్ప" అని ఒక మెలిక పెట్టి. మిసిసిపీ వాళ్ళు ఆ నవంబరుకే చట్టాలు సిద్ధం చేసుకున్నారు. ఏటా జనవరిలో నల్లవాళ్ళు ఎక్కడ పనిచేస్తున్నారో రాతపూర్వకంగా చూపాలి. పనిలేనివాడు దిమ్మరి, అది నేరం. 50 డాలర్ల దాకా జరిమానా. ఐదు రోజుల్లో కట్టలేకపోతే ఆ డబ్బు కట్టినవాడి దగ్గర చాకిరీ. తలుపులోంచి పంపి కిటికీలోంచి లాక్కోవడమన్నమాట.

అది చూసి 1868లో రెండో రాట పాతారు. పద్నాలుగో సవరణ. ఆ దేశంలో పుట్టినవాళ్ళు ఆ దేశ పౌరులు, చట్టం అందరినీ సమానంగా కాపాడాలి అంటుంది. సిరీ, నువ్వు హ్యూస్టన్‌లో పుట్టేనాటికి మీ అమ్మానాన్నా ఇంకా వీసా మీదే ఉన్నారు. అయినా నీకు పుట్టుకతోనే నీలం పాస్‌పోర్టు వచ్చిందంటే ఆ వాక్యం చలవే. బానిసల పిల్లల కోసం రాసిన వాక్యం నీదాకా వచ్చింది. 1870లో వచ్చిన పదిహేనోది, రంగు చూసి ఓటు ఆపకూడదంది. ఆడవాళ్ళ ఊసెత్తలేదు. వాళ్ళు 1920 దాకా ఆగారు.

మరి నాలుగో రాట? భూమి. ఆ సంగతి చెప్పింది చదువుకున్న నాయకులు కాదు. 1865 జనవరి 12న సవన్నాలో ఉత్తరాది జనరల్ షెర్మన్ ఇరవై మంది నల్ల పాస్టర్లని పిలిపించి, మీకేం కావాలని అడిగించాడు. వాళ్ళ తరఫున మాట్లాడిన గారిసన్ ఫ్రేజియర్‌కి 67 ఏళ్ళు. అంతకు ఎనిమిదేళ్ళ ముందు వెయ్యి డాలర్లు వెండి బంగారాల్లో చెల్లించి తననీ భార్యనీ తానే కొనుక్కుని విడిపించుకున్నాడు. మాకు భూమి కావాలి, మేమే దున్నుకుని బతుకుతాం అన్నాడు. నాలుగు రోజుల్లో షెర్మన్ సముద్రతీరం వెంట కుటుంబానికి 40 ఎకరాల లోపు ఇమ్మని ఉత్తర్విచ్చాడు. సుమారు 40 వేల మంది అక్కడ కాపురం పెట్టారు. ఏప్రిల్లో లింకన్‌ని చంపారు. తరవాతొచ్చిన ఆండ్రూ జాన్సన్ పాత యజమానులకి క్షమాభిక్ష పెట్టి ఆ నేల తిరిగిచ్చేశాడు. ఆ మాట చెప్పడానికి అక్టోబరులో జనరల్ హోవర్డ్ ఎడిస్టో దీవి చర్చికి వెళ్ళాల్సి వచ్చింది. విడుదలైన వాళ్ళకి సాయం చేయడానికి పెట్టిన బ్యూరోకి ఆయనే అధికారి! నా లెక్కలో పందిరి వంగింది ఆ రోజే.

భూమి లేకపోతే ఏమవుతుందో లెక్క వేసి చూపిస్తాను, అంకెలు నావి. ఒక కుటుంబం పాలుకి చేసి ఆరు బేళ్ళ పత్తి పండించిందనుకోండి. సగం భూస్వామిది. మిగిలిన మూడు బేళ్ళు, బేలుకి 500 పౌన్లు, పౌను పది సెంట్లు, వెరసి 150 డాలర్లు. ఏడాది పొడుగునా పిండీ, పంది మాంసమూ, బూట్లూ అరువిచ్చిన కొట్టువాడి పద్దు వడ్డీతో 165. డిసెంబరులో లెక్క తేలేసరికి ఇంకా 15 బాకీ, కాబట్టి వచ్చే ఏడూ అక్కడే. పద్దు రాసేది కొట్టువాడు, పనిచేసినవాడికి చదువు రానివ్వలేదు. మా చిన్నప్పుడు ఇక్కడ పాలేళ్ళకి ఏడాది ధాన్యం కొలిచేటప్పుడు కూడా ముందు అప్పే మినహాయించేవారు. అందుకే ఈ లెక్క నాకు అమెరికాదిలా అనిపించదు.

నాలుగో రాట లేని మూలని సైన్యం చేతుల్తో పట్టుకుంది. 1867 మార్చి చట్టం టెనెసీ తప్ప మిగిలిన పది రాష్ట్రాలని ఐదు సైనిక జిల్లాలు చేసింది. నల్లవాళ్ళకి ఓటిచ్చే కొత్త రాజ్యాంగం రాసుకుని, పద్నాలుగో సవరణ ఒప్పుకుంటేనే తిరిగి కాంగ్రెస్‌లో, అంటే అక్కడి పార్లమెంటులో, చోటు. ఆ పదేళ్ళలో దక్షిణాదిన ఊరూరా సర్కారు బళ్ళు లేచాయి. రాబర్ట్ స్మాల్స్‌ సంగతి బన్నీకి నచ్చుతుంది. యుద్ధం మధ్యలో, 1862 మేలో, చార్లెస్టన్ రేవు నుంచి దక్షిణాది సైన్యం పడవ ప్లాంటర్‌ని తెల్లవారుజామున నడుపుకొచ్చేశాడు. కెప్టెన్ గడ్డిటోపీ తన తలకి పెట్టుకుని, కోట దాటేటప్పుడు ఈల సంకేతాలు పొల్లుపోకుండా ఊదాడు. పడవలో అతని పెళ్ళాం పిల్లలూ ఉన్నారు. తరవాత, తాను బానిసగా పుట్టిన చోటే పాత యజమాని ఇల్లు కొన్నాడు, కాంగ్రెస్‌కీ ఎన్నికయ్యాడు.

అయితే పందిరి గాలికి పడుతుంది, దీన్ని మనుషులు పడగొట్టారు. ఇక్కడ నా పోలిక పనికిరాదు. తెల్లవాళ్ళ ముఠాలు ముసుగులేసుకుని రాత్రిళ్ళు వచ్చి చంపాయి. 1873లో లూసియానాలోని కోల్‌ఫాక్స్‌లో డజన్ల కొద్దీ నల్లవాళ్ళని చంపితే, 1876లో సుప్రీంకోర్టు ఏమందో తెలుసా? పద్నాలుగో సవరణ రాష్ట్రాల తప్పులకే గాని మనుషుల తప్పులకి వర్తించదంది. మరుసటి ఏడు అధ్యక్ష ఎన్నికల తగాదా తీరాక, దక్షిణాదిన నల్లవాళ్ళ ఓట్లతో ఏర్పడ్డ ప్రభుత్వాలకి కాపలా ఉన్న సిపాయిలని వెనక్కి రమ్మన్నారు. పట్టుకున్న చేయి వదిలేశారు.

తరవాత కలంతో చేశారు. 1890 మిసిసిపీ రాజ్యాంగంలో ఓటు నిబంధనల్లో 'నల్ల' అన్న మాటే ఉండదు. రెండు డాలర్ల ఓటు పన్ను, రాజ్యాంగంలో ఒక భాగం చదవాలి, లేదా చదివి వినిపిస్తే అర్థం చెప్పాలి. ఏ భాగమన్నది గుమాస్తా ఇష్టం, చెప్పింది సరిపోయిందా లేదా అన్నదీ అతని ఇష్టమే. లూసియానాలో 1896లో 1,30,334 మంది నల్ల ఓటర్లు నమోదై ఉంటే, 1904కి 1,342 మంది మిగిలారు. 1965 ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చి, ఓటర్లని నమోదు చేయడానికి కేంద్రం మనుషులు జిల్లాలకి వెళ్ళేదాకా అంతే.

ఇంకా చాలా ఉంది, చేయి నొప్పెడుతోంది. ఒక పని చెయ్యండి. హ్యూస్టన్ నుంచి గాల్వెస్టన్ కారులో గంట. నాన్నని తీసుకెళ్ళమని, స్ట్రాండ్ వీధి, 22వ వీధి కలిసే చోట దిగండి. గ్రేంజర్ ఉత్తర్వు చిన్నదే, బయల్దేరే ముందు ఇంట్లో రాసుకుని తీసుకెళ్ళి అక్కడ నిలబడి పైకి చదవండి. మొదటి సగంలో సంపూర్ణ సమానత్వం అన్న మాట ఉంటుంది. చివరి రెండు వాక్యాల్లో, ఉన్నచోటే నిశ్శబ్దంగా ఉండి కూలికి పనిచేసుకోండి, సోమరితనంగా ఉంటే పోషించం అని ఉంటుంది. అప్పటికి రెండు వందల ఏళ్ళకి పైగా వాళ్ళే కదా పనిచేసింది! విడుదల కాగితంలో ఆ రెండు వాక్యాలు ఎవరి కోసం రాశారంటారు? సిరి ఒక జవాబు, బన్నీ ఒక జవాబు, విడివిడిగా రాసి పంపండి.

మీ
తాతయ్య