ఇనుము సీటులో రాగి

రాగి పాత్రలో నిలవ ఉంచిన నీళ్లలో బాక్టీరియా చస్తుందంటారు, నిజమేనా అని ఒక పాఠకుడు అడిగారు. నిజమే. అయితే చంపేది పాత్ర కాదు, దాని గోడ నుంచి నీళ్లలోకి కరిగిన రాగి అయాన్లు, అంటే విద్యుదావేశమున్న రాగి పరమాణువులు. నీటికి "రాగి శక్తి" పడుతుందనే మాటలు నమ్మనక్కర్లేదు. ఇది కొలిచి చూపించగల పదార్థం. స్విస్ వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ ఫాన్ నేగెలి ఈ ప్రభావాన్ని స్పైరోగైరా అనే నాచు మీద గమనించాడు. ఆయన పోయాక, 1893లో ఆ పరిశోధన అచ్చయింది.

ఇంత కొంచెం లోహం ఏం చేయగలదన్న అనుమానం సహజం. లెక్క వేద్దాం. లీటరు నీటిలో 0.3 మిల్లీగ్రాముల రాగి ఉందనుకోండి. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 2 మిల్లీగ్రాములు, కాబట్టి ఇది చాలా తక్కువే. అయినా అందులో దాదాపు 28 వేల కోట్ల కోట్ల అయాన్లుంటాయి. మిల్లీలీటరుకు పది లక్షల బాక్టీరియా ఉన్నా సరే, ఒక్కో కణం వాటాకు 280 కోట్ల అయాన్లు వస్తాయి. కొంచెమన్నది మన తూకానికే, బాక్టీరియాకు కాదు.

ఇక అసలు సంగతి. రాగి వల్ల హైడ్రాక్సిల్ రాడికల్స్ (ఆక్సిజన్ నుంచి పుట్టి, తగిలినదాన్నల్లా దెబ్బతీసే అణు ముక్కలు) పుట్టి కణాన్ని కాల్చేస్తాయని చాలాచోట్ల పాఠంగా చెబుతారు. కానీ ఆక్సిజన్ లేనిచోట, పేగుల్లో ఉండే ఇ. కోలై అనే బాక్టీరియాకు రాగి ఇంకా ఎక్కువ విషం! ఆక్సిజనే లేకపోతే ఆ రాడికల్స్ ఎక్కడి నుంచి వస్తాయి? దెబ్బ వేరేచోట తగులుతోంది. కొన్ని ఎంజైముల నడిబొడ్డున నాలుగు ఇనుము, నాలుగు గంధకం పరమాణువులతో కట్టిన చిన్న గుత్తి ఉంటుంది. అందులో మూడు ఇనుములను ప్రొటీన్‌లోని సిస్టీన్లు (గంధకమున్న అమైనో ఆమ్లాలు) పట్టుకుని ఉంచుతాయి. నాలుగోదానికి ఆ పట్టు లేదు, పని జరిగేది దాని దగ్గరే కనుక బయటికి తెరిచి ఉంటుంది. కణంలోకి చేరిన రాగి ఒక ఎలక్ట్రాన్ అందుకుని Cu⁺గా మారుతుంది. దానికి గంధకమంటే విపరీతమైన మోజు. రిజర్వేషన్ లేని సీటులో కూర్చున్నవాణ్ణి లేపేసి తిష్ఠ వేసే ప్రయాణికుడిలా, గంధకాన్ని పట్టుకుని ఇనుమును బయటికి నెట్టేస్తుంది. గుత్తి చెదిరిపోతుంది, ఎంజైము మూగబోతుంది. ఎలక్ట్రాన్లను మోసే ఎంజైముల్లో ఇవే గుత్తులు ప్రొటీన్ లోపల పూడుకుపోయి ఉంటాయి కాబట్టి చాలావరకు బతికిపోతాయి.

దీనికి చక్కని రుజువుంది. ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం తయారీకి కావలసిన ఐసోప్రొపైల్‌మాలేట్ డీహైడ్రటేజ్ అనే ఎంజైములో ఇలాంటి తెరిచిన గుత్తే ఉంది. అమైనో ఆమ్లాలు లేని మాధ్యమంలో రాగి వేస్తే ఇ. కోలై పెరగడం ఆగిపోతుంది. ల్యూసిన్, దాని వర్గపు అమైనో ఆమ్లాలు పైనుంచి అందిస్తే మళ్లీ పెరుగుతుంది! దెబ్బ ఎక్కడ తగిలిందో కణమే చెప్పేసినట్టు. మోతాదు బాగా పెరిగితే మాత్రం పొరలు కూడా దెబ్బతింటాయి, అప్పుడు ల్యూసిన్ కాపాడలేదు.

బాక్టీరియా చేతులు కట్టుకుని కూర్చోదు. క్యూ-ఆర్ (CueR) అనే ప్రొటీన్ 10⁻²¹ మోలార్ (లీటరుకు ఎన్ని మోల్‌లన్న గాఢత కొలత) స్థాయిలో ఉన్న Cu⁺ను కూడా పసిగడుతుంది. కణంలో ఒక్క అయాన్ స్వేచ్ఛగా తిరిగినా గాఢత సుమారు 10⁻⁹ మోలార్ అవుతుంది. అంటే విడి రాగి ఒక్కటి కూడా కణానికి సమ్మతం కాదన్నమాట. వెంటనే కాప్-ఏ (CopA) అనే ప్రొటీన్ పంపు, కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చుపెట్టి రాగిని బయటికి తోస్తుంది. పోషకాలు లేని నీళ్లలో ఆ ఖర్చు భరించడం కష్టం.

వెండి కూడా గంధకం మీదే పడుతుంది, ఇంకా తక్కువ మోతాదులో. దానికి శత్రువు క్లోరైడ్. నీటిలో లీటరుకు 35.5 మిల్లీగ్రాముల క్లోరైడ్ ఉంటే (0.001 మోలార్), సిల్వర్ క్లోరైడ్ ద్రావణీయత లబ్ధం (కరిగి ఉండగల వెండి, క్లోరైడ్ గాఢతల గుణకారం) 1.8 × 10⁻¹⁰ కనుక, విడిగా ఉండగల వెండి అయాన్లు (Ag⁺) 1.8 × 10⁻⁷ మోలార్, అంటే లీటరుకు 19 మైక్రోగ్రాములే. మరికాస్త వెండి వేసినా తెల్లని మడ్డిగా దిగుతుంది తప్ప విడి అయాన్లు పెరగవు. రాగికి చేటు క్షారత్వం: పీహెచ్ 8.5 దాటితే పనితనం బాగా పడిపోతుంది. మురికి నీటిలోని సేంద్రియ పదార్థం కూడా రాగిని కట్టిపడేస్తుంది. కాబట్టి డిస్టిల్డ్ వాటర్‌లో వచ్చిన ఫలితాన్ని చెరువు నీటికి అంటగట్టకూడదు.

పరీక్షించేవాళ్లు తరచూ బోల్తాపడే చోటు ఒకటుంది. నమూనాను నేరుగా అగార్ ప్లేటు (బాక్టీరియాను పెంచి కాలనీలు లెక్కపెట్టే జెల్లీ పళ్లెం) మీద పోస్తే, నీళ్లతోపాటు వచ్చిన రాగి అక్కడా పని చేస్తూనే ఉంటుంది. సున్నా కాలనీలు చూసి అన్నీ చచ్చాయనుకుంటాం. అందుకే నమూనా తీసే 120 మిల్లీలీటర్ల సీసాలో ముందుగానే, పీహెచ్ 6.5కు సర్దిన, రాగిని పట్టి కట్టేసే 15 శాతం ఈడీటీఏ ద్రావణం 0.3 మిల్లీలీటర్లు వేసి స్టెరిలైజ్ చేయాలి. ఈడీటీఏ మాత్రమే ఉన్న, రాగి లేని సీసా ఒకటి పోలికకు ఉండాలి. ఇంత చేసినా, సూడోమొనాస్ ఎరుజినోసా లాంటి బాక్టీరియాలు రాగి దెబ్బకు చావకుండా, ప్లేటు మీద పెరగకుండా సుప్తంగా ఉండిపోతాయి, రాగిని తీసేస్తే లేచి కూర్చుంటాయి. అందుచేత ఈడీటీఏ వేసిన నమూనాలో కొంత భాగాన్ని పక్కన ఉంచి, మర్నాడు, ఆ తర్వాతా మళ్లీ ప్లేటు వేసి చూడాలి.