మందు రేటు పెంచితే తాగుడు ఎంత తగ్గుతుంది?

2020 మే 4న ఏపీలో మద్యం షాపులు 25 శాతం పెంచిన రేట్లతో తెరుచుకున్నాయి. మర్నాడే ఇంకో 50 శాతం పెంచారు. రేటు మండితే తాగేవాళ్లు వెనక్కి తగ్గుతారన్నది సర్కారు లెక్క. కానీ విజయవాడ నుంచి హైదరాబాద్ హైవేలో గరికపాడు చెక్‌పోస్టు దాటితే తెలంగాణే. అక్కడి సీసాలు ఇటు దిగాయి. జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. ఆ చావుల్ని పక్కన పెట్టి షాపు అమ్మకాలే చూసి విధానం ఫలించిందనడం అన్యాయం.

ఇవన్నీ ముందే కొలవడానికి పద్ధతులున్నాయి. ప్రయోగశాలలో జంతువు తిండి కోసం మీట ఎన్నిసార్లు నొక్కాలన్నదే ఆ తిండికి ధర అని 1980లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త స్టీవెన్ హర్ష్ వివరించాడు. మత్తు అలవాట్ల మీద పరిశోధన చేసే వారెన్ బికెల్ బృందం దాన్ని మత్తుమందులకు తెచ్చింది: 10 నొక్కులకు 1 మిల్లీగ్రాము ఇచ్చినా, 100 నొక్కులకు 10 ఇచ్చినా యూనిట్ ధర (ఒక్కో మిల్లీగ్రాముకు పడే నొక్కులు) ఒకటే, మొత్తం వాడకమూ ఇంచుమించు ఒకటే. 1999లో హెరాయిన్, సిగరెట్ల మీద, 2006లో అమెరికా కాలేజీ విద్యార్థుల మద్యం మీద ఈ ఆలోచనే "ఇంత ధరైతే ఎంత వాడతారు?" అని మనుషుల్ని అడిగే ప్రశ్నపత్రమైంది. ఆ రెండోదాంట్లో ఉచితం నుంచి 9 డాలర్ల దాకా 14 రేట్లు.

గుంటూరులో అడగాలంటే క్వార్టరు లెక్కన అడక్కూడదు. 180 మిల్లీలీటర్ల క్వార్టరంటే మూడు 60 పెగ్గులు. ఒకటి తగ్గించుకున్నవాడి మార్పు క్వార్టరు లెక్కలో కనబడదు. "పెగ్గు 30 అయితే ఎన్ని తాగుతారు? 50 అయితే? 100 అయితే?" అంటూ సున్నా నుంచి మొదలుపెట్టి, ఇక వద్దనే దాకా పెంచుకుంటూ పోవాలి. రాబడి ఇప్పుడున్నదే, ముందే తాగి లేరు, దాచుకోకూడదు, ఇంకెక్కడా దొరకదు అని ముందే చెప్పాలి. మిర్చి యార్డు హమాలీని కూలి చేతికొచ్చిన సాయంత్రం ఒకసారి, చేతిలో పైసా లేని పొద్దున ఒకసారి అడిగి రెండూ కలిపేస్తే లెక్క పాడవుతుంది. రేటు పెరిగేకొద్దీ పెగ్గులు కూడా పెరుగుతున్నాయంటే ప్రశ్న అర్థం కానట్టే. ఆ కాగితం పక్కన పెట్టేయాలి.

అసలు చిక్కు "ఇంకెక్కడా దొరకదు" అన్న షరతుతోనే. అందుకే ఆ షరతు ఎత్తేసి రెండో వరస ప్రశ్నలు వేయాలి: షాపు రేటు పెంచుతూ, పక్క రాష్ట్రం సీసా, నాటుసారా రేట్లు కదలకుండా ఉంచి, ఏది ఎంత కొంటారో అడగాలి. షాపు మందు తగ్గినకొద్దీ నాటుసారా అంకె పెరిగితే తాగుడు తగ్గలేదు, సీసా మారిందంతే.

2024 అక్టోబరులో ప్రైవేటు షాపులు, 99 రూపాయల క్వార్టరు వచ్చాయి. అంటే పెగ్గు 33. ప్రశ్నపత్రంలో సున్నాకూ 33కూ మధ్య కూడా రేట్లు దగ్గర దగ్గరగా పెట్టాలి.