పట్టీ తీసేశాక: సిగార్ రుచిపై అపోహలు - వాస్తవాలు

మా తాత గోదావరి లంకల్లో పండిన ఆకుతో చుట్టలు చుట్టేవారు. నేను పన్నెండేళ్లుగా దుబాయ్‌లో సిగార్లు అమ్మే దుకాణంలో పనిచేస్తున్నాను. కొత్త సరుకు వచ్చినప్పుడు నలుగురం కూర్చుని రుచి చూసి నూటికి ఇన్ని అని మార్కులు వేస్తాం. ఆ పనిలో రోజూ నా చెవిన పడే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: రంగు ముదిరిన కొద్దీ ఘాటు పెరుగుతుంది.

కొనడానికి వచ్చినవారిలో సగం మంది నల్లటి సిగార్‌ను చూడగానే చెయ్యి వెనక్కి తీసుకుంటారు. నిజానికి ఆ రంగు పై ఆకుది మాత్రమే. దాన్ని ఎక్కువ రోజులు, ఎక్కువ వేడిలో మగ్గబెడితే రంగు ముదురుతుంది. దాన్నే మదురో అంటారు. స్పానిష్‌లో ఆ మాటకు పండినది అని అర్థం. అలా మగ్గిన ఆకులో తరచుగా కోకో, ఎండుద్రాక్షను గుర్తుచేసే తీపి వాసన వస్తుంది.

ఘాటు ఎక్కువగా లోపలి ఆకుల నుంచి వస్తుంది. బూరెకు పూర్ణం ఎలాగో సిగార్‌కు ఆ ఆకులు అలాగ. మొక్క కొసన ఎండ బాగా తగిలి మందంగా పెరిగే ఆకు లిగెరో. దాని బలం ఎక్కువ, మంట నెమ్మది. అందుకే చుట్టేవారు దాన్ని నడిమధ్యన పెడతారు. నడుమ కోసే సెకో వాసననిస్తుంది, అడుగున ఉండే వోలాడో నిప్పు ఆరిపోకుండా చూస్తుంది. లోపల నికరాగ్వాలోని ఎస్తెలీ లిగెరో దట్టంగా ఉండి, పైన గుడ్డ పందిళ్ల నీడలో పెంచిన లేత రంగు కనెక్టికట్ (అమెరికాలో ఒక రాష్ట్రం) ఆకు చుట్టి ఉంటే చూపుకు ఎంతో సౌమ్యంగా కనిపిస్తుంది. ఒకసారి అలాంటిదాన్నే ఒక పెద్దాయన లేత రంగు కదా అని పరగడుపున కాల్చారు. పావుగంటలో ముఖం పాలిపోయి నుదుటిన చెమట పట్టింది. ఆయన్ని కూర్చోబెట్టి తీపి టీ ఇచ్చి, తేరుకునేదాకా పక్కనే ఉన్నాను. ఆ రోజు నుంచి ఎవరికి అమ్మినా రంగు సంగతి పక్కనపెట్టి లోపల ఏముందో ముందు చెబుతున్నాను.

అపోహ: క్యూబాదే అసలైన సిగార్, మిగతావి నకళ్లు.

క్యూబా పడమటి వైపున్న పినార్ దెల్ రియోలోని వుయెల్తా అబాహో నేల గొప్పదనాన్ని నేను కాదనను. కానీ విప్లవం తర్వాత 1960లో అక్కడి పొగాకు పరిశ్రమను ప్రభుత్వం తీసుకున్నప్పుడు ఎన్నో కుటుంబాలు తమ పనితనాన్ని వెంటబెట్టుకుని దేశం విడిచాయి. డొమినికన్ రిపబ్లిక్, నికరాగ్వా, హోండురస్ దేశాల్లో ఇప్పుడు వస్తున్న మేలురకాల వెనుక ఆ చేతులున్నాయి. 1962లో అమెరికా పెట్టిన ఆంక్షలతో క్యూబా సరుకుకు దొరకని వస్తువు మీద ఉండే మోజు కూడా తోడైంది.

ఈ మోజుకు విరుగుడు ఒకటే: పట్టీ, అంటే సిగార్ చుట్టూ ఉండే పేరు కాగితం, తీసేసి రుచి చూడడం. అమెరికాలో 1992లో మొదలైన సిగార్ అఫిసియొనాడో పత్రిక కూడా పట్టీలు తీసేసి, రూపం, చుట్టిన తీరు, రుచి, కాలే తీరు, మొత్తం మీద కలిగిన అభిప్రాయం చూసి నూటికి మార్కులు ఇస్తుంది. మా దుకాణంలో ఒకరు పట్టీలు తీసి అంకెలు అంటిస్తారు. ఆయన ఆ రోజు రుచి చూడరు. మొదటిసారి అలా కూర్చున్నప్పుడు, నేను ఏళ్ల తరబడి గొప్పదని అందరికీ చెబుతూ వచ్చిన ఒక క్యూబా రకానికి 86 వేశాను. పేరు కూడా వినని ఒక నికరాగ్వా రకానికి 92 వేశాను. అంకెలు విప్పాక చాలాసేపు నోట మాట రాలేదు. నాకు ఈ పని నిజంగా వచ్చింది ఆ సాయంత్రమే.

అపోహ: బూడిద ఎంత తెల్లగా ఉంటే సిగార్ అంత మంచిది.

బూడిద రంగుకు మూలం నేలలోని ఖనిజాలు. దానికి నేను మార్కులు వేయను. ఇక సిగార్లను కన్యలు తమ తొడల మీద చుట్టారన్న కథ: సిగార్ చుట్టేది చెక్క బల్ల మీద, చవేత అనే అర్ధచంద్రాకారపు కత్తి పట్టుకుని. ఆకులు వేరుచేసే ఆడవాళ్లు వాటిని ఒళ్లో పరుచుకోవడం చూసి ఎవరో అల్లిన మాట అయి ఉంటుంది.

అపోహ: రుచి చూసేది నాలుకే.

తీపి, పులుపు, ఉప్పు, చేదు లాంటి కొన్నింటి దగ్గరే నాలుక పని అయిపోతుంది. మిగతాదంతా ముక్కుదే. అంటించకముందే కొన కత్తిరించి ఖాళీగా ఒకసారి పీలిస్తే ఎండుగడ్డి, ఒక్కోసారి పశువుల కొట్టం వాసన తగులుతుంది. మా పనిలో అది మెచ్చుకోలు మాట. అంటించాక పొగను నోట్లోనే ఉంచి, చిటికెడంత ముక్కు గుండా వదులుతాం. మిరియం ఘాటు, దేవదారు వాసన, వేయించిన కాఫీ గింజలు అప్పుడు విడివిడిగా తెలుస్తాయి. నిమిషానికి ఒక్క పీల్పు చాలు. తొందరపడితే సిగార్ వేడెక్కి అన్నీ కలిసి చేదైపోతాయి.

అపోహ: పొగ ఊపిరితిత్తుల్లోకి తీసుకోరు కాబట్టి హాని లేదు.

ఇది నాకు నిద్ర పట్టనివ్వని అపోహ. సిగార్ పొగకు క్షారగుణం ఉంటుంది కాబట్టి నికోటిన్ నోటి పొర నుంచే రక్తంలోకి చేరుతుంది. ఒక పెద్ద సిగార్‌లో ఒక సిగరెట్ పెట్టెకు సరిపడా పొగాకు ఉండవచ్చు. నోటికి, గొంతుకు, అన్నవాహికకు క్యాన్సర్ ముప్పు ఉంది. మన ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు వల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్ గురించి విశాఖ వైద్యులు దశాబ్దాల క్రితమే రాశారు. నేను వారానికి రెండు దాటను, అవీ పని కోసమే. మా అబ్బాయిని మేం రుచి చూసే గదిలోకి రానివ్వలేదు.

అపోహ: ఒకసారి పడిన మార్కులు శాశ్వతం.

సిగార్లను 65 నుంచి 70 శాతం తేమలో, 18 నుంచి 21 డిగ్రీల మధ్య ఉంచుతాం. తేమ ఎక్కువైతే పొగ లాగదు, తక్కువైతే గొంతు కాలుతుంది, వేడి పెరిగితే పొగాకు పురుగు గుడ్లు పగిలి పిల్లలు బయటికొస్తాయి. చేతితో చుట్టినవి కాబట్టి ఒకే పెట్టెలోని రెండు కూడా ఒకలా కాలవు. అందుకే మూడేసి కాల్చి సగటు తీస్తాం. మూడు నెలలాగి అదే పెట్టెలోంచి ఇంకొకటి తీసి, పాత కాగితం చూడకుండా మళ్లీ మార్కులు వేస్తాం.