షెజ్వాన్ సాస్ ఆవకాయ కాదండీ! అపోహలు, వాస్తవాలు

పాలకొల్లులో మాది ఫాస్ట్‌ఫుడ్ సెంటర్. ఈమధ్య నూడుల్స్ కోసం వచ్చేవాళ్లు ఎంతమందో, సాస్ గురించి అడగడానికి వచ్చేవాళ్లూ అంతమంది. వీడియో చూసి ఇంట్లో షెజ్వాన్ సాస్ చేస్తారు, సీసాకెత్తి వంటగట్టు మీద పెడతారు. వారం తిరక్కుండా మూత తీస్తే బుస్సుమంటుంది. వెంటనే నాకు ఫోన్. అందరిదీ ఒకటే ప్రశ్న: "పైన నూనె తేలుతూనే ఉందండీ, మరెందుకు పాడైంది?"

అపోహ: నూనె తేలుతుంటే బయట ఎన్నాళ్లున్నా పాడవదు

డబ్బుకీ ఒంటికీ చేటు తెచ్చే అపోహ ఇదే కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

మన గోదావరి జిల్లాల్లో ఈ నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. వేసవిలో ఆవకాయ కలిపి, పైకి పప్పునూనె తేలేలా పోసి, జాడీకి వాసెన కట్టి పెడితే ఏడాదైనా చెక్కుచెదరదు. కానీ ఆ జాడీకి అసలు కాపలా మామిడికాయ పులుపు, దండిగా పడ్డ ఉప్పు, ఆవపిండి. నూనె చేసేదల్లా పైన గాలి తగిలి బూజు పట్టకుండా చూడటమే.

షెజ్వాన్ సాస్‌లో ఏముంది? వేడినీళ్లలో నానబెట్టి రుబ్బిన ఎండుమిరప, వెల్లుల్లి, అల్లం. పులుపంటే చివర్లో పోసే రెండు చెంచాల వెనిగర్. ఉప్పు రుచికి సరిపడా. తడి మాత్రం బోలెడు. దీని మీద నూనె పోస్తే గాలి ఆడదు. క్లాస్ట్రిడియం బొట్యులినం అనే బ్యాక్టీరియాకు కావలసిందీ అదే. అది మట్టిలో ఉంటుంది, మట్టిలో ఊరే వెల్లుల్లికీ అల్లానికీ దాని స్పోర్లు, అంటే విత్తనాల్లాంటి మొండి రూపాలు, అంటుకుని ఉండొచ్చు. గాలి లేకుండా, తడి ఉండి, పులుపు చాలక పీహెచ్ (పులుపు కొలత, పులుపు తగ్గేకొద్దీ ఈ అంకె పెరుగుతుంది) 4.6 దాటి, బయటి వేడి కూడా తోడైతే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి.

"అరగంట వేయించానండీ, ఇంకేం బతుకుతాయి?" అంటారు. నూనె ఎంత కాగినా, ముద్దలో నీళ్లున్నంతసేపూ లోపలి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఆ వేడికి ఈ స్పోర్లు చావవు. క్యానింగ్ ఫ్యాక్టరీల్లో వీటిని చంపడానికి ఒత్తిడి పెట్టి 121 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. మన మూకుడుతో అది అయ్యే పని కాదు.

నేను భయపెడుతున్నానని కొందరికి కోపం. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రెస్టారెంట్‌వాళ్లు నూనెలో ఉంచిన తరిగిన వెల్లుల్లిని ఫ్రిజ్‌లో పెట్టకుండా వాడితే 36 మందికి బొట్యులిజం, అంటే ఈ విషం వల్ల వచ్చే జబ్బు, వచ్చింది. 1989లో అమెరికాలో మళ్లీ అలాంటిదే జరిగాక, నూనెలో వెల్లుల్లి అమ్మే కంపెనీలు దాన్ని పులుపెక్కించి తీరాలని అక్కడి ప్రభుత్వం పట్టుబట్టింది. కొట్లో కొనే సాస్ సీసా మీద ఎసిటిక్ యాసిడ్ అనో, సోడియం బెంజోయేట్ అనో రాసి ఉండేది ఊరికే కాదు. వాళ్లు పీహెచ్ కొలిచి మరీ నింపుతారు. దాన్నైనా మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టమనే లేబుల్ మీద ఉంటుంది, మనమే చదవం.

మా వీధిలో ఒక పిన్నిగారున్నారు. ఆవిడ ఆవకాయకి చుట్టుపక్కల నాలుగు వీధుల్లోనూ తిరుగులేదు. కూతురు హైదరాబాద్ హాస్టల్‌కి వెళ్తోందని హార్లిక్స్ సీసా నిండా షెజ్వాన్ సాస్ చేసి, రెండు వారాలు అలమరలో ఉంచి, ప్రయాణం ముందురోజు నా దగ్గరికి తెచ్చారు. మూత కాస్త పైకి ఉబ్బింది. తిప్పగానే బుస్సుమంది, అంచు దగ్గర ఎర్రటి నూనెలోంచి సన్నటి బుడగలు ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. "నా చేతి పచ్చడి రెండేళ్లున్నా పాడవదురా, దీనికేం రోగం?" అంటూ చెంచా ముంచి నాలుక దగ్గరకు తీసుకెళ్లబోయారు. చెంచా లాగేసుకున్నాను. పారబోయడానికి ఆవిడ ప్రాణం ఒప్పలేదు. కిలోకి ఎంత పోసి కొన్నారో ఆ బ్యాడిగి మిరప లెక్క ఇప్పటికీ చెబుతారు.

నిజానికి బుస్సుమన్న సీసా నయం. తనంతట తనే చెప్పేసింది. బొట్యులినం విషానికి రంగూ రుచీ వాసనా ఉండవు. కాబట్టి "కొంచెం నాకి చూద్దాం" అనే పరీక్ష పనికిరాదు.

మరి ఎలా దాచుకోవాలి? నాలుగు రోజులకు సరిపడా చిన్న సీసాలో తీసి ఫ్రిజ్ లోపలి అరలో వెనకగా పెట్టండి. తలుపు అరలో వద్దు, తీసినప్పుడల్లా వేడి తగులుతుంది. మిగతాది చల్లారిన వెంటనే ఐస్ ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెడితే నెలల తరబడి ఉంటుంది. వండేటప్పుడు రెండు ముక్కలు మూకుట్లో వేసుకుంటే సరి. వెనిగర్ కాస్త ఎక్కువ పోసినంత మాత్రాన బయట పెట్టొచ్చని కాదు. పీహెచ్ కొలిచే పరికరం మన వంటింట్లో లేదు కదా. వానాకాలం కరెంటు చాలాసేపు పోయి ఫ్రిజ్ చల్లదనం పోతే ఆ చిన్న సీసా మీద మమకారం వదులుకోండి.

ఇది చదివి, పోయిన నెల తిన్నదాని గురించి టెన్షన్ పడేవాళ్లుంటారు. పడకండి. బొట్యులిజం చాలా అరుదు. తిన్నాక సాధారణంగా 12 నుంచి 36 గంటల్లో బయటపడుతుంది. చూపు రెండుగా కనబడటం, కనురెప్పలు వాలిపోవడం, మాట తడబడటం, మింగుడు పడకపోవడం దాని లక్షణాలు. అలాంటివి కనిపిస్తే మాత్రం ఇంటి వైద్యాలు మాని పెద్దాసుపత్రికి వెళ్లి, ఏం తిన్నారో చెప్పాలి.

అపోహ: రంగు కలపకపోతే హోటల్ ఎరుపు రాదు

వస్తుంది. సగం గుంటూరు మిరప కారానికి, సగం బ్యాడిగి రంగుకి. గింజలు దులిపి, వేడినీళ్లలో నానబెట్టి, మెత్తగా రుబ్బి, సన్నమంట మీద నూనె తేలేదాకా వేయించండి. వెల్లుల్లి మాడిందా, ఇక ఆ చేదు ఏం చేసినా పోదు. రంగు వ్యవహారం ఎక్కడిదాకా వెళ్లిందంటే, 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు నిషేధించింది. పరీక్షించిన శాంపిళ్లలో ఒంటికి మంచివి కాని కృత్రిమ రంగులు దొరికాయి మరి.

అపోహ: అజినమోటో విషం

ఈ పుకారుతో నాకు విసుగొచ్చేసింది. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునాయె ఇకెడా సముద్రపు నాచు నుంచి వేరుచేసిన రుచి ఇది. టమాటాలో, సోయా సాస్‌లో ఉండే గ్లూటమేటే ఇందులోనూ ఉంది. 1968లో అమెరికాలో ఒక వైద్య పత్రికకు ఎవరో రాసిన ఉత్తరంతో మొదలైన భయం ఇంకా తిరుగుతోంది. ఇష్టం లేకపోతే మానేయండి, సాస్‌కి వచ్చిన నష్టం లేదు. సోయా సాస్‌లోనే ఉప్పు దండిగా ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి. బీపీ ఉన్నవాళ్లు అజినమోటో మానేసి సోయా సాస్ గుమ్మరించుకుంటుంటే నాకు నవ్వొస్తుంది.

అపోహ: ఇది అచ్చం చైనా సాస్

పేరు సిచువాన్ రాష్ట్రానిదే. అక్కడి కారం రుచికి మూలం ఫావా బీన్స్ అనే ఒక రకం చిక్కుడు గింజల్ని మిరపతో పులియబెట్టిన దోబాన్‌జియాంగ్ ముద్ద, నాలుక తిమ్మిరెక్కించే సిచువాన్ మిరియం. మనం చేసేది వెల్లుల్లి కారానికి సోయా, వెనిగర్ తగిలించిన ఇండియా సరుకు. రుచికి వంక పెట్టడం లేదు, నా పొట్ట నింపుతున్నది అదే.

చివరిగా, బండి మీద రుచి ఇంట్లో రావడం లేదని సాస్‌ని తిట్టకండి. ఇంటి స్టవ్ మంట మా బర్నర్ మంటకు సాటి రాదు. నలుగురికి సరిపడా రొయ్యలు ఒకేసారి వేస్తే నీరూరి ఉడికిపోతాయి. తడి పూర్తిగా ఒత్తి, మూకుడు పొగలొచ్చేదాకా కాల్చి, ఇద్దరికి సరిపడా చొప్పున రెండు వాయిలుగా వేయించండి. సాస్ దించే ముందు వేస్తే చాలు.