నగర నదికి పొంగడం, ఎండడం రెండూ ఒకే జబ్బు

వాన కురిసినప్పుడు పొంగి ఇళ్లలోకి వచ్చే నది, వానలు వెళ్లిన కొన్నాళ్లకే ఎండి మురుగు కాలువలా మిగులుతుంది. ఒకటి నీరు ఎక్కువై, ఇంకొకటి నీరు చాలక అని ఈ రెంటినీ వేర్వేరు కష్టాలుగా లెక్కేస్తాం. నిజానికి రెండింటికీ మూలం ఒకటే: నది ఒడ్డుకు ఎంతో దూరాన, మన వీధుల్లో కప్పేసిన నేల.

ఒక నదికి నీరు పంపే నేలంతా కలిపి దాని పరీవాహక ప్రాంతం. దాని హద్దులను నిర్ణయించేవి మిట్టలూ వాలులే, వార్డులూ డివిజన్లూ కావు. అందుకే ఎగువన ఒక కాలనీలో కురిసిన వాన, చినుకే పడని దిగువ కాలనీని ముంచగలదు.

చెట్లూ గడ్డీ ఉన్న చోట వాన నీరు మొదట ఆకుల మీద ఆగుతుంది. ఆ తర్వాత వేర్ల సందుల్లోంచి, వానపాముల బొరియల్లోంచి మట్టిలోకి దిగుతుంది. అందులో కొంత చెట్ల ద్వారా మళ్లీ గాలిలోకి పోతుంది. మిగిలింది నేల అడుగున చాలా మెల్లగా కదిలి, వారాలకో నెలలకో ఊటగా నదిని చేరుతుంది. వాన లేని రోజుల్లో నదిని బతికించేది ముఖ్యంగా ఈ ఊటే.

తారూ కాంక్రీటూ ఈ దారిని మూసేస్తాయి. ఒక హెక్టారు నేల మీద గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే 5 లక్షల లీటర్ల నీరు. సమతలంగా ఉన్న ఇసుక నేల మీది పచ్చిక అయితే అందులో సుమారు పదో వంతు పైపైన పారిపోతుంది. తారు రోడ్డయితే దాదాపు 90 శాతం పోతుంది. అంటే ఇంకాల్సిన నీరే వరదగా మారుతోంది. ఆ మేరకు వేసవి ఊట తగ్గిపోతోంది.

నీరు ఎంత అన్నదానికన్నా ఎంత త్వరగా అన్నదే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. గుంటలూ పొదలూ నీటిని నిలబెడతాయి. నున్నటి పైపు నిలబెట్టదు. వీధిలో నీరు నిలవకూడదనే వాన కాలువలు కడతాం. ప్రతి వీధీ తన నీటిని త్వరగా వదిలించుకుంటే అవన్నీ ఇంచుమించు ఒకే సమయంలో వాగు మీద పడతాయి. అమెరికా జలశాస్త్రవేత్త లూనా లియోపోల్డ్ 1968లోనే, పట్టణం పెరిగేకొద్దీ వాగుల్లో గరిష్ఠ ప్రవాహం ఎలా పెరుగుతుందో లెక్కలతో వివరించారు. ఆ ఉధృతికి గట్లు కోసుకుపోతాయి. కోతను ఆపడానికి వాగుకు కాంక్రీటు గోడలు కడతాం. దాంతో నీటి వేగం ఇంకా పెరిగి, కోత దిగువకు జరుగుతుంది.

ఆ నీరు ఒంటరిగా రాదు. పొడి రోజుల్లో రోడ్ల మీద పేరుకున్న నూనె, లోహపు పొడి, చెత్త చాలాసార్లు వాన మొదట్లోనే కొట్టుకుపోతాయి. అమెరికాలోని సియాటిల్ ప్రాంతపు వాగుల్లో వాన పడగానే కోహో సాల్మన్ చేపలు చచ్చిపోయేవి. కారణం చాలా ఏళ్లు అంతుచిక్కలేదు. టైర్లు పగుళ్లివ్వకుండా కలిపే రసాయనం ఓజోన్‌తో చర్య జరిపి, చేపలకు ప్రాణాంతకమైన మరో పదార్థంగా మారుతోందని 2020లో తేలింది. వాడిన టైరు అరిగి పొడైనంత మాత్రాన మాయమవదు, అందులో కొంత వాగు దారి పడుతుంది.

దీనికి మందు నీటిని పడిన చోటే ఆపడం. ఇంకుడు గుంతలు, నీరు దిగే పేవ్‌మెంట్లు, చెరువులు, వాగు పక్కన కట్టడాలు లేని వరద మైదానం, అన్నీ ఆ పని చేసేవే. చెరువు పూడ్చి ప్లాట్లు వేసిన చోట ఎంత పెద్ద పైపు వేసినా పోయిన నిల్వ తిరిగి రాదు.

నీటిని ఆపేటప్పుడు కూడా చోటు చూసుకోవాలి. పరీవాహకం దిగువ భాగంలో వరద నీటిని పట్టి ఉంచి కాసేపటి తర్వాత వదిలితే, సరిగ్గా అప్పుడే ఎగువ నుంచి వచ్చే ఉధృతితో అది కలిసి, నదిలో వరద మట్టం ఇంకా పెరగవచ్చు. దిగువన ఉన్న నీరు ముందే వెళ్లిపోవడం ఒక్కోసారి మేలు. ఒక్కో లేఅవుట్‌కు విడివిడిగా అనుమతులిస్తూ పోతే ఈ లెక్క కుదరదు. పరీవాహకం మొత్తానికీ కలిపి వేయాల్సిన లెక్క ఇది.